దూర విమాన ప్రయాణానికి ఎకానమీ సీటును ఎంచుకునే పద్ధతి

రెండు గంటల ప్రయాణమైతే ఏ సీటు దొరికినా ఎలాగో సర్దుకుపోతాము. 12 గంటలో 14 గంటలో ఒకే చోట కూర్చోవలసి వచ్చినప్పుడు నడుము, మోకాళ్ళు, నిద్ర అన్నీ ఆ సీటు మీదే ఆధారపడతాయి. దాని ప్రభావం విమానం దిగిన తరువాత కూడా ఒకటి రెండు రోజులు ఒంట్లో ఉండిపోతుంది. అయినా చాలామంది టిక్కెట్టు ధరలను పదిసార్లు సరిపోల్చుకుని, సీటు విషయానికి వచ్చేసరికి కిటికీ పక్కనా, నడవ పక్కనా అన్న ఒక్క ప్రశ్నతో సరిపెట్టుకుంటారు. నా దృష్టిలో అది చివర అడగవలసిన ప్రశ్న. విమానం ఏ రకమో, అందులో సీట్ల అమరిక ఎలా ఉందో, ఏ భాగంలో ఏ వరుస మేలో ముందుగా తేల్చుకుంటే ఆ ప్రశ్నకు జవాబు దాదాపు దానంతటదే దొరుకుతుంది.

ముందు విమానం, తరువాత సీటు

ఎకానమీ సీటు సౌకర్యాన్ని ప్రధానంగా రెండు కొలతలు నిర్ణయిస్తాయి. మొదటిది పిచ్, అంటే ఒక సీటు మీద ఏదో ఒక చోటి నుంచి ముందు సీటు మీద సరిగ్గా అదే చోటికి ఉండే దూరం. దూర ప్రయాణాల ఎకానమీలో ఇది ఎక్కువగా 31, 32 అంగుళాల దగ్గర ఉంటుంది. జపాన్ ఎయిర్‌లైన్స్, ఆల్ నిప్పన్ ఎయిర్‌వేస్ వంటి కొన్ని సంస్థలు తమ అంతర్జాతీయ విమానాలు చాలావాటిలో 33, 34 అంగుళాలు ఇస్తాయి. ఈ పిచ్ మొత్తం మన కాళ్ళకు దక్కే చోటు అనుకోకూడదు, ఎందుకంటే సీటు వీపు మందం కూడా అందులోనే కలిసి ఉంటుంది. పలుచని వీపు గల 31 అంగుళాల సీటులోనూ, మందపాటి వీపు గల 32 అంగుళాల సీటులోనూ మోకాళ్ళకు మిగిలే జాగా ఒకటే కావచ్చు. అందువల్ల ఒక అంగుళం తేడా కోసం ఎక్కువ డబ్బు పెట్టే ముందు ఆ సీట్లు కొత్తవో పాతవో కనుక్కోవడం మంచిది.

రెండవ కొలత వెడల్పు. దీనిని చాలామంది పట్టించుకోరు గాని, నిద్రపోయే వేళ పక్కవారి భుజం మనకు తగులుతుందా లేదా అన్నది దీని మీదే ఆధారపడి ఉంటుంది. వెడల్పును తేల్చేది విమానం లోపలి విస్తీర్ణం ఒక్కటే కాదు, ఆ విస్తీర్ణంలో ఒక వరుసకు ఎన్ని సీట్లు పెట్టారన్నది కూడా. బోయింగ్ 777 లోపలి వెడల్పు సుమారు 5.87 మీటర్లు, ఎయిర్‌బస్ ఎ350ది సుమారు 5.61 మీటర్లు. వినడానికి 777 విశాలమైనదే. కాని ఎ350లో సాధారణంగా వరుసకు 9 సీట్లు ఉంటే, నేటి 777లలో ఎక్కువ భాగం వరుసకు 10 సీట్లతో తిరుగుతున్నాయి. అదనంగా ఉన్న 26 సెంటీమీటర్లలో ఒక మనిషికి సరిపడే సీటు పట్టదు కనుక ఆ లోటును మిగతా తొమ్మిది సీట్లూ, నడవలూ పంచుకోవలసి వస్తుంది. ఫలితంగా వరుసకు 10 సీట్ల 777లో సీటు వెడల్పు సుమారు 17 అంగుళాలకు దిగిపోగా, ఎ350లో అది 18 అంగుళాలకు దగ్గరగా ఉంటుంది.

ఈ లెక్కను ఏ విమానానికైనా వేసుకోవచ్చు. లోపలి వెడల్పును వరుసలోని సీట్ల సంఖ్యతో భాగిస్తే, నడవలతో కలిపి ఒక్కొక్కరి వాటా తెలుస్తుంది. రెండు, నాలుగు, రెండుగా ఎనిమిది సీట్లు ఉండే ఎయిర్‌బస్ ఎ330లో అది సుమారు 66 సెంటీమీటర్లు. పది సీట్లున్నా ఎ380 కింది అంతస్తులో సుమారు 65. తొమ్మిది సీట్ల ఎ350లో 62. తొమ్మిది సీట్ల బోయింగ్ 787లో 61. పది సీట్ల 777లో 59 కూడా ఉండదు. వయసులో పాతదైన ఎ330 ఈ జాబితాలో ముందు నిలవడం కొందరికి ఆశ్చర్యం కలిగించవచ్చు. కొత్త విమానం అనగానే సీటు విశాలంగా ఉంటుందని అనుకోవడానికి వీలు లేదు.

దీనికి మినహాయింపులు ఉన్నాయి, వాటిని వెతికి పట్టుకోవడం లాభసాటి పని. జపాన్ ఎయిర్‌లైన్స్ తన అంతర్జాతీయ 787లలో తొమ్మిదికి బదులు ఎనిమిది సీట్లే పెట్టింది. సింగపూర్ ఎయిర్‌లైన్స్ తన 777-300ఈఆర్ విమానాల్లో వరుసకు తొమ్మిది సీట్ల పద్ధతినే నిలుపుకుంది. బ్రిటిష్ ఎయిర్‌వేస్ ఎ380లో ఎకానమీ రెండు అంతస్తుల్లోనూ ఉంటుంది. కింద వరుసకు పది, పైన ఎనిమిది. పై అంతస్తులో కిటికీ పక్కన గోడకు ఆనుకుని చిన్న సామాను పెట్టె కూడా ఉండటం ఇద్దరుగా ప్రయాణించేవారికి ఎంతో అనువుగా ఉంటుంది. దీనికి విరుద్ధంగా ఎ350లో వరుసకు పది సీట్లు పెట్టిన సంస్థలు కూడా కొన్ని లేకపోలేదు కనుక, విమానం పేరు చూసి ఊరుకోకుండా సీట్ల పటాన్ని కూడా తెరిచి లెక్కపెట్టుకోవాలి.

వెడల్పు విషయంలో వెనుకబడినా 787కు వేరే బలం ఉంది. పాత విమానాలలో లోపలి గాలి పీడనం గరిష్ఠంగా 8,000 అడుగుల ఎత్తులో ఉండే పీడనానికి సమానమయ్యేంత వరకు తగ్గవచ్చు. 787, ఎ350లలో అది 6,000 అడుగుల దగ్గరే ఆగుతుంది. గాలిలో తేమ కూడా కొంత ఎక్కువగా ఉంటుంది. దిగిన తరువాత తలనొప్పి, గొంతు ఎండిపోవడం వంటి బాధలు ఎక్కువగా కలిగేవారు ఒక అంగుళం వెడల్పును వదులుకుని అయినా ఈ రెండు రకాల వైపు మొగ్గడంలో అర్థం ఉంది. రెండూ కావాలంటే ఎ350 మంచి ఎంపిక.

విమానం ఏ రకమో టిక్కెట్టు కొనే పేజీలో ప్రయాణ వివరాల కింద రాసి ఉంటుంది. కొన్ని చోట్ల మూడు అక్షరాల సంకేతం మాత్రమే కనిపిస్తుంది: 77డబ్ల్యు అంటే 777-300ఈఆర్, 789 అంటే 787-9, 359 అంటే ఎ350-900, 333 అంటే ఎ330-300, 388 అంటే ఎ380. ఒకే సంస్థ ఒకే రకం విమానాన్ని రెండు మూడు వేర్వేరు అమరికలతో నడపడం మామూలే కనుక, సంస్థ చూపించే పటంలోని వరుస సంఖ్యలను స్వతంత్ర పటాలతో పోల్చి ఏ అమరికో గుర్తించాలి. ఈ పనికి ఒకప్పుడు అందరూ సీట్‌గురు అనే వెబ్‌సైటును ఆశ్రయించేవారు. అది చాలాకాలం పాటు తాజా పరచకుండా ఉండిపోయింది. ఇప్పుడు ఏరోలోపా అనే వెబ్‌సైటులోని పటాలు ఎక్కువ నమ్మదగినవి. వాటిలో సీట్లను, కిటికీలను కొలత ప్రకారం గీస్తారు కాబట్టి ఏ సీటు పక్కన కిటికీ లేదో, ఏ సీటు ముందు ఎంత జాగా ఉందో కంటితోనే తెలుసుకోవచ్చు.

ఎవరు ఎవరిని దాటుకుని వెళ్ళాలి

సీట్ల అమరికను చూసేటప్పుడు నేను ముందుగా వేసుకునే ప్రశ్న ఇది: నేను లేవాలంటే ఎంతమందిని లేపాలి, ఎంతమంది లేవడానికి నన్ను లేపుతారు? రాత్రి ప్రయాణంలో నిద్ర ఎన్ని ముక్కలవుతుందో దీనిని బట్టే ఊహించవచ్చు.

మూడు, నాలుగు, మూడుగా పది సీట్లు ఉన్న వరుసను తీసుకుందాం. పక్క గుంపులో నడవ వైపు కూర్చున్నవారిని కిటికీ దగ్గరి వ్యక్తి, మధ్య వ్యక్తి ఇద్దరూ దాటవలసి ఉంటుంది. నడుమ ఉన్న నాలుగు సీట్ల గుంపులో నడవ పక్కన కూర్చుంటే, లోపలి ఇద్దరిలో ఒకరు అటు, ఒకరు ఇటు వెళతారు కనుక మనల్ని లేపేది ఒక్కరే. మూడు, మూడు, మూడుగా తొమ్మిది సీట్లు ఉన్న విమానంలోనైతే ఇంకా మేలు: నడుమ గుంపులో మధ్య సీటు ఒక్కటే, ఆ ఒక్కరూ ఏ వైపు నుంచైనా బయటకు పోవచ్చు. నడవ సీటు కావాలనుకునే ఒంటరి ప్రయాణికునికి నా సలహా ఎప్పుడూ నడుమ గుంపే. పటంలో అది బాగా కనిపించదు గాని ప్రయాణంలో దాని విలువ తెలుస్తుంది. పైగా మధ్య గుంపు లోపలి సీట్లను ఎవరూ ఏరికోరి తీసుకోరు కనుక, విమానం నిండకపోతే పక్క సీటు ఖాళీగా మిగిలే అవకాశం కూడా అక్కడే ఎక్కువ.

ఇద్దరు కలిసి ప్రయాణిస్తుంటే, పక్కన రెండేసి సీట్లే ఉండే ఎ330 వంటి విమానం అన్నిటికన్నా హాయి. 777లో కూడా తోక వైపు విమానం సన్నబడే చోట, చివరి కొన్ని వరుసలలో పక్క గుంపు మూడు నుంచి రెండు సీట్లకు తగ్గుతుంది. ఆ మొదటి రెండు సీట్ల వరుసలో గోడకూ సీటుకూ నడుమ కొంత ఖాళీ కూడా మిగులుతుంది. మూడు సీట్ల గుంపే దొరికితే కిటికీ సీటునూ, నడవ సీటునూ తీసుకుని మధ్య సీటును వదిలేయడం ఒక పాత ఉపాయం. ఇది ఫలిస్తే ఇద్దరికి మూడు సీట్లు. ఫలించక మధ్యలో మూడో వ్యక్తి వస్తే వారికి కిటికీ గాని నడవ గాని ఇస్తామంటే కాదనేవారు అరుదు.

పూర్తిగా పడుకోవాలనుకునేవారికి కొన్ని సంస్థలు ఎకానమీలోనే ఏర్పాటు చేశాయి. ఎయిర్ న్యూజిలాండ్ 2011లో స్కైకౌచ్ పేరుతో మూడు సీట్లను కలిపి పరుపులా మార్చుకునే పద్ధతిని తెచ్చింది; లుఫ్తాన్సా 2021లో స్లీపర్స్ రో పేరుతో కొన్ని మార్గాలలో ఒక వరుస మొత్తాన్ని ఇచ్చే పద్ధతిని ప్రారంభించింది. చిన్న పిల్లతో ప్రయాణించే తల్లికి ఈ అదనపు ఖర్చు చాలాసార్లు సార్థకమవుతుంది.

కిటికీయా, నడవా

ఇప్పుడు ఆ ప్రశ్నకు వద్దాం. జవాబు శరీరాన్ని బట్టి, ప్రయాణ వేళను బట్టి ఉంటుంది. రాత్రి బయలుదేరే విమానంలో, కూర్చున్నచోటే నిద్రపట్టే మనిషికి కిటికీ సీటు మేలు. తల ఆనించుకోవడానికి గోడ ఉంటుంది, కిటికీ తలుపు మూసుకోవడం మన చేతిలో ఉంటుంది, ఎవరూ లేపరు, భోజనం బండి మోచేతికి తగలదు. 787లో కిటికీకి తలుపులు ఉండవు. అద్దాన్ని మీట నొక్కి చీకటిగా మార్చుకోవాలి, సిబ్బంది అన్నింటినీ ఒకేసారి చీకటి చేసి ఉంచవచ్చు. బయటి దృశ్యం కోసమే కిటికీ కోరుకునేవారు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

తరచు లేచే అలవాటు, నడుము నొప్పి, కాళ్ళ వాపు ఉన్నవారికి నడవ సీటు తప్పనిసరి అనే చెబుతాను. కదలకుండా గంటల తరబడి కూర్చుంటే కాళ్ళ లోపలి సిరలలో రక్తం గడ్డకట్టే ప్రమాదం పెరుగుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2007లో వెలువరించిన పరిశోధన ప్రకారం, 4 గంటలు దాటిన ప్రయాణాలలో ఈ ప్రమాదం సుమారు రెట్టింపవుతుంది. అయినా ఆరోగ్యవంతులలో అది దాదాపు 6,000 మందిలో ఒకరికి కలిగేంత తక్కువే. గతంలో రక్తం గడ్డకట్టినవారికి, ఇటీవల శస్త్రచికిత్స జరిగినవారికి, గర్భిణులకు ఇది ఎక్కువ. అమెరికన్ కాలేజ్ ఆఫ్ చెస్ట్ ఫిజీషియన్స్ 2012 మార్గదర్శకాలలో కిటికీ సీటు కదలికను తగ్గిస్తుందని చెబుతూ, ఇటువంటి వారికి వీలైతే నడవ సీటునే సూచించారు. ఈ కోవలోకి వచ్చేవారు దృశ్యం కోసమో, నిద్ర కోసమో కిటికీ పక్కకు వెళ్ళవద్దని ప్రత్యేకంగా కోరుతున్నాను. వైద్యుని సలహా కూడా ముందే తీసుకోవాలి.

జలుబు, జ్వరాల భయం ఉన్నవారికి లెక్క తిరగబడుతుంది. అమెరికాలో పది విమానాలలో ప్రయాణికుల కదలికలను గమనించి 2018లో ప్రచురించిన ఒక అధ్యయనంలో, కిటికీ సీట్లవారిలో 43 శాతం మంది ఒక్కసారైనా లేచి తిరగగా, నడవ సీట్లవారిలో 80 శాతం మంది తిరిగారు. కదలిక తగ్గిన కొద్దీ ఇతరులకు దగ్గరగా వచ్చే సందర్భాలూ తగ్గుతాయి కనుక ఆ విషయంలో కిటికీ సీటు కొంత మెరుగు.

పగటి ప్రయాణంలో ఎండను కూడా లెక్కలోకి తీసుకోవచ్చు. ఉత్తరార్ధగోళంలో సూర్యుడు పగలంతా ఎక్కువగా దక్షిణం వైపు ఉంటాడు. తూర్పుకు పోయే విమానంలో దక్షిణం కుడి చేతి వైపు, పడమటికి పోయే విమానంలో ఎడమ చేతి వైపు వస్తుంది. నీడ కావాలంటే దానికి ఎదుటి వైపు కూర్చోవాలి. దూర మార్గాలు ధ్రువం వైపు వంగుతాయి కనుక ఇది కచ్చితమైన లెక్క కాదు గాని, చాలావరకు పనికి వస్తుంది.

కిటికీ సీటు అని పటంలో చూపినా పక్కన కిటికీ ఉండకపోవచ్చు. కిటికీల మధ్య దూరం విమానం చట్రాన్ని బట్టి స్థిరంగా ఉంటుంది. సీట్లను మాత్రం నేల మీది పట్టాలకు బిగిస్తారు, ఏ సంస్థ ఎంత దూరంలో కావాలంటే అంత దూరంలో బిగించుకోవచ్చు. ఈ రెండు లెక్కలూ కలవని చోట కిటికీ సగం ముందుకో వెనక్కో పోతుంది. కొన్ని చోట్ల గాలి గొట్టాలు గోడలో నుంచి పోవడం వల్ల అసలు కిటికీయే ఉండదు.

ఏ వరుస

అత్యవసర ద్వారం దగ్గరి వరుసను అందరూ కోరుకుంటారు. కాళ్ళ ముందు ఖాళీ చాలా ఉంటుందన్నది నిజమే. కాని ముందు సీటు లేదు కనుక భోజనపు బల్ల, టీవీ తెర రెండూ చేతి ఆనుల్లో (ఆర్మ్‌రెస్టుల్లో) దాగి ఉంటాయి. దానివల్ల ఆ ఆనులు పైకి లేవవు, సీటు కొంచెం ఇరుకవుతుంది. టేకాఫ్, ల్యాండింగ్ సమయాల్లో చేతి సంచి కూడా కింద పెట్టుకోనివ్వరు. కిటికీ వైపు సీటుకు ఎదురుగా ద్వారంలో అమర్చిన జారుడు తెప్ప (ప్రమాద వేళ జారి దిగడానికి వాడేది) పెట్టె ఉబ్బెత్తుగా ముందుకు వస్తుంది, ద్వారం నుంచి చలి దిగుతుంది. ఒకసారి నేను డబ్బు కట్టి మరీ అటువంటి కిటికీ సీటు తీసుకుని, కాళ్ళు ఏటవాలుగా పెట్టుకుని, రెండు దుప్పట్లు కప్పుకుని పదకొండు గంటలు గడిపాను; అదే వరుసలో మధ్య సీటులో ఉన్నవారు ఎంతో హాయిగా నిద్రపోయారు. పొడగరులకు ఈ వరుసను గట్టిగా సిఫారసు చేస్తాను, అయితే కిటికీ సీటును విడిచిపెట్టి. అవసరమైతే తలుపు తెరవగల శక్తి, సిబ్బంది మాటను అర్థం చేసుకోగల భాష ఉన్నవారికే ఈ వరుస ఇస్తారు. అమెరికా నిబంధనల ప్రకారం కనీస వయసు 15 ఏళ్ళు.

అడ్డుగోడ వెనుక ఉండే మొదటి వరుసలో ముందువారు సీటు వెనక్కి వాల్చే బాధ లేదు. అయితే పసిపిల్లల ఊయల తొట్టిని బిగించేది ఆ గోడకే కనుక, పసిపిల్లలున్న కుటుంబాలకు ఆ వరుసను ఇవ్వడం సహజం, న్యాయం కూడా. పసిబిడ్డ మీతో ఉంటే టిక్కెట్టు కొన్న వెంటనే సంస్థకు ఫోను చేసి తొట్టి అడగాలి. దాని బరువు పరిమితి సంస్థను బట్టి మారుతుంది. పసిపిల్లలు లేనివారు నిద్ర కోరుకుంటే ఈ వరుసకు, దాని వెనుక రెండు వరుసలకు దూరంగా ఉండటం మంచిది.

విమానం కుదుపులకు భయపడేవారు రెక్కల దగ్గర కూర్చోవాలి. విమానం బరువు కేంద్రం ఆ చుట్టుపక్కలే ఉంటుంది కనుక ముక్కు, తోక పైకి కిందికి ఊగినంతగా ఆ భాగం ఊగదు. తోక భాగంలో ఊపు ఎక్కువగా తెలుస్తుంది. చప్పుడు విషయంలో మాత్రం ఇంజన్లకు ముందున్న వరుసలు నయం. ఇంజన్ల వెనుక భాగంలో హోరు పెరుగుతుంది. రెండింటికీ రాజీగా, ఎకానమీలో రెక్క మొదలయ్యే చోటికి కాస్త ముందున్న వరుసలను నేను ఇష్టపడతాను. అక్కడి నుంచి త్వరగా దిగవచ్చు. తరువాతి విమానం అందుకోవలసినవారికి ఆ పది పదిహేను నిమిషాలు ముఖ్యం.

వద్దనుకోవలసిన వరుసలు చెప్పడం సులువు. మరుగుదొడ్ల పక్కన తలుపు చప్పుడు, వెలుతురు, వరుసలో నిలబడినవారు మన సీటుకు ఆనుకోవడం రాత్రంతా సాగుతాయి. సిబ్బంది వంటగది దగ్గర మాటలు, బండ్ల చప్పుడు ఉంటాయి. వెనుక గోడ ఉన్న చివరి వరుసలోనూ, కొన్ని విమానాలలో అత్యవసర ద్వారానికి ముందున్న వరుసలోనూ సీటు సరిగా వాలదు. కొన్ని సీట్ల కింద తెరలకు సంబంధించిన విద్యుత్ పెట్టె ఉండి ఒక కాలు పెట్టుకునే చోటును మింగేస్తుంది.

ఎప్పుడు, ఎలా

టిక్కెట్టు కొన్న రోజే సీటును ఉచితంగా ఎంచుకునే వీలుంటే వెంటనే ఎంచుకోవాలి. అన్నిటికన్నా చవక టిక్కెట్లలో ఆ వీలు ఉండదు. సీటుకు కట్టే రుసుమును, చవక టిక్కెట్టు ధరకు కలిపి, ఒక మెట్టు పై ఎకానమీ టిక్కెట్టు ధరతో పోల్చి చూస్తే కొన్నిసార్లు పై టిక్కెట్టే లాభం. 10 గంటలు దాటిన రాత్రి ప్రయాణంలో మంచి సీటుకు డబ్బు పెట్టడం నాకు ఎప్పుడూ వృథా అనిపించలేదు. పగటి ప్రయాణంలో అంత అవసరం కనిపించదు.

పటంలో మూసి ఉన్న సీట్లన్నీ అమ్ముడుపోయాయని నిరాశ పడనక్కరలేదు. తరచు ప్రయాణించే సభ్యుల కోసం, కుటుంబాల కోసం సంస్థ కొన్నింటిని పక్కన పెట్టి ఉంచుతుంది. ఆన్‌లైన్ చెక్-ఇన్ తెరుచుకునే వేళకు, అంటే చాలా సంస్థలలో బయలుదేరడానికి 24 గంటల ముందు, కొన్నింటిలో 48 గంటల ముందు, వాటిలో కొన్ని విడుదలవుతాయి. ఆ నిమిషానికి సిద్ధంగా ఉండి పటాన్ని మళ్ళీ చూడాలి. అంతకుముందు కూడా నెలకు ఒకసారి చూస్తూ ఉండాలి, ఎందుకంటే సంస్థ విమానాన్ని మారిస్తే మీ సీటు సంఖ్య అలాగే ఉన్నా అది మరుగుదొడ్డి పక్కకు చేరి ఉండవచ్చు. డబ్బు కట్టిన సీటు అలా మారిపోతే రుసుము తిరిగి ఇవ్వమని అడగడానికి ఆ రసీదును దాచుకోవాలి.

విమానం ఎక్కిన తరువాత కూడా ఒక అవకాశం ఉంటుంది. తలుపులు మూశారని ప్రకటన వచ్చాక ఖాళీ వరుస కనిపిస్తే, సిబ్బందిని అడిగి మారవచ్చు. అడగకుండా మారితే వారి లెక్కలు తప్పుతాయి. నడవ వైపు చేతి ఆను చాలా సీట్లలో పైకి లేవనట్టు కనిపిస్తుంది గాని, దాని అడుగున వెనుక కొసన వేలికి తగిలే చిన్న మీట ఉంటుంది. దానిని నొక్కితే ఆను లేస్తుంది, కాలు పక్కకు చాపుకోవడానికి, నొప్పి ఉన్న మోకాలితో లేచి నిలబడటానికి ఎంతో వీలుగా ఉంటుంది.